డీఅడిక్షన్ బెడ్డుకి సర్కారు డబ్బు: ఎక్కడ వస్తుంది, ఎక్కడ రాదు

ప్రశ్న క్లుప్తంగా ఇది: గుంటూరు దగ్గర పల్లె. తమ్ముడికి 34 ఏళ్లు, ఏడేళ్లుగా రోజూ రెండు మూడు క్వార్టర్లు. పొద్దున లేవగానే చేతులు వణుకుతాయి, ఒకసారి మానేసిన రెండో రోజు ఫిట్స్ వచ్చింది. ఒక ప్రైవేటు సెంటరు నెలకు 25 వేల చొప్పున మూడు నెలలది ముందే కట్టమంది. ఇంట్లో రేషన్ కార్డు, వైద్యసేవ కార్డు ఉన్నాయి. ఆ 75 వేలు ప్రభుత్వం కడుతుందా, కనీసం సగమైనా?

కట్టదండీ. సగం కూడా కట్టదు. ఈ చికిత్సకి మన దగ్గర సర్కారు డబ్బు రోగి పేరు మీద రాదు, బెడ్డు పేరు మీద వస్తుంది. ఫలానా సంస్థలో ఇన్ని బెడ్లు అని లెక్కగట్టి జీతాలు, అద్దె, మందులు, భోజనం ఖర్చు ఆ సంస్థకి ఇస్తారు. కాబట్టి నచ్చిన సెంటర్లో చేర్పించి బిల్లు పట్టుకుని తిరిగితే ప్రయోజనం ఉండదు. ఇప్పటికే డబ్బు ముట్టిన బెడ్డు ఎక్కడుందో కనుక్కుని అక్కడికి తీసుకెళ్లాలి.

ముందు కార్డుల సంగతి. ఆయుష్మాన్ భారత్‌లో వర్తించని వాటి జాబితాలో డ్రగ్ రీహాబిలిటేషన్ పేరు పెట్టి మరీ రాశారు. వైద్యసేవ అయినా, తెలంగాణలో ఆరోగ్యశ్రీ అయినా జబ్బుకో ప్యాకేజీ పద్ధతిలో నడుస్తాయి. తాగుడు వల్ల పాంక్రియాస్ వాచినా, లివర్ దెబ్బతిని రక్తం కక్కుకున్నా ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్ర డెస్కు దగ్గర కార్డు చూపించి అడగండి, పని జరగవచ్చు. నెలల తరబడి రీహాబ్‌లో ఉండడానికి మాత్రం ఆ కార్డు అక్కరకు రాదు. ప్రైవేటు హెల్త్ ఇన్సూరెన్సు ఉన్నవాళ్లు పాలసీ కాగితాల్లో ఎక్స్‌క్లూజన్ 12 అనే కోడ్ చూసుకోండి. మద్యం, మాదకద్రవ్యాల వ్యసనానికి చేసే చికిత్సనీ, దానివల్ల వచ్చే పర్యవసానాలనీ మినహాయించే క్లాజు అదే. మానసిక జబ్బులకి కవరేజీ ఇవ్వాలని చట్టం చెప్పింది కదా అని క్లెయిము వేసినవాళ్లకి చాలాచోట్ల అడ్డుపడేది ఇదే. ముఖ్యమంత్రి సహాయనిధి సాధారణంగా ఆసుపత్రి బిల్లుల మీద ఇచ్చేది, అదీ వాళ్ల విచక్షణ మీద. అడ్మిషన్ నంబరు లేని సెంటరు రసీదుల్ని నమ్ముకుని అప్పు చేయకండి.

మరి డబ్బున్న బెడ్లు ఎక్కడ? రెండు చోట్ల. ఒకటి ప్రభుత్వ ఆసుపత్రి, ముఖ్యంగా మెడికల్ కాలేజీకి అనుబంధంగా ఉన్న పెద్దాసుపత్రిలోని మానసిక వైద్య విభాగం. విశాఖలో చినవాల్తేరు మానసిక వైద్యశాల, హైదరాబాదులో ఎర్రగడ్డ ఆసుపత్రి కూడా ఈ కోవలోవే. రెండోది కేంద్ర సామాజిక న్యాయ శాఖ గ్రాంటుతో స్వచ్ఛంద సంస్థలు నడిపే కేంద్రాలు. వీటిని ఐఆర్‌సీఏలంటారు, ఎక్కువగా 15 లేదా 30 బెడ్లు ఉంటాయి. ఈ గ్రాంటు పథకం 1985-86 నుంచీ ఉంది, 2018 నుంచి మాదకద్రవ్యాల వాడకం తగ్గించే జాతీయ కార్యాచరణ ప్రణాళిక కిందికి వచ్చింది. దేశం మొత్తం మీద ఇలాంటి కేంద్రాలు 340కి పైగా ఉన్నాయి. ఇంత పెద్ద దేశానికి అవి ఏ మూలకి? ఎయిమ్స్ వాళ్లు ఆ శాఖ కోసం చేసి 2019లో విడుదల చేసిన సర్వేలో, మద్యానికి పూర్తిగా బానిసైనవాళ్లలో 38 మందికి ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందిందనీ, ఆసుపత్రిలో చేరి చికిత్స పొందినవాళ్లు 180 మందికి ఒక్కరేననీ తేలింది. మద్యం మీద ఖజానాకి వచ్చేదాన్నీ, మాన్పించడానికి ఖర్చు పెట్టేదాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే ఆ అంకెల్లో వింతేమీ లేదు.

మీ తమ్ముడి విషయంలో ఈ రెండింటినీ ఏ వరసలో వాడుకోవాలన్నదే అన్నిటికంటే ముఖ్యం. ముందు ఆసుపత్రి, తర్వాతే ఐఆర్‌సీఏ. ఒకసారి ఫిట్స్ వచ్చినవాడికి మళ్లీ మానేసినప్పుడు మళ్లీ వచ్చే ప్రమాదం ఎక్కువ. చివరిసారి తాగిన 6 నుంచి 12 గంటల్లో వణుకు, చెమటలు, గుండెదడ మొదలవుతాయి. ఫిట్స్ వస్తే ఎక్కువగా మొదటి 48 గంటల్లో వస్తుంది. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య కొందరికి మతి తప్పి, లేనివి కనబడి, మంచం మీద పురుగులు ఏరుతున్నట్టు చేస్తారు. డెలీరియం ట్రెమెన్స్ అనే ఈ స్థితి ప్రాణాల మీదికి తెస్తుంది. ఐఆర్‌సీఏలో డాక్టరు రోజంతా ఉండరు, నర్సూ కౌన్సిలర్లే దిక్కు. అర్ధరాత్రి ఫిట్స్ వస్తే అక్కడినుంచి మళ్లీ ఆసుపత్రికే అంబులెన్సు ఎక్కాలి. అందుకే ఫిట్స్ చరిత్ర ఉందంటే చాలా సెంటర్లు 'డీటాక్స్ (ఆసుపత్రిలో మందులతో మద్యం మాన్పించడం) చేయించుకుని రండి' అని తిప్పి పంపిస్తాయి. పొమ్మన్నారని బాధపడకండి, వాళ్లు చేసింది సరైన పనే.

తీసుకెళ్లే రోజున ఇళ్లలో జరిగే పొరపాటు ఒకటుంది. ఓపీలో వాసన రాకూడదని ముందురోజు మధ్యాహ్నం నుంచే గదిలో పెట్టి తాళం వేస్తారు. మర్నాడు బస్సులోనే ఫిట్స్ వస్తుంది. ఇంట్లో ఒక్కసారిగా మాన్పించే ప్రయత్నం చేయవద్దు. మానసిక వైద్య విభాగం ఓపీ ఏ రోజుల్లో, ఎన్నింటికి ఉంటుందో ముందే కనుక్కుని పొద్దున్నే బయల్దేరండి. దారిలో గానీ ఇంట్లో గానీ ఫిట్స్ వచ్చినా, మాట తడబడి మనుషుల్ని గుర్తుపట్టకపోయినా ఓపీ కోసం చూడకుండా 108 పిలిచి నేరుగా క్యాజువాల్టీకి వెళ్లండి.

ఇంకో పొరపాటు ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర జరుగుతుంది. వణుకుతున్నాడని, నీరసంగా ఉన్నాడని గ్లూకోజు బాటిల్ పెట్టేస్తారు. ఏళ్ల తరబడి తాగినవాళ్ల ఒంట్లో బీ1 విటమిన్, అంటే థయామిన్ అడుగంటి ఉంటుంది. అది ఇవ్వకుండా గ్లూకోజు ఎక్కిస్తే మిగిలిన కాస్తా ఖర్చయిపోయి మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. మెల్లకన్ను రావడం, నడక తూలడం, మతిమరుపు దాని గుర్తులు. ఆసుపత్రిలో థయామిన్ ఇంజక్షన్ ముందు ఇస్తారు. వణుకు, ఫిట్స్ రాకుండా డయజిపాం, క్లోర్‌డయజిపాక్సైడ్ లాంటివి మొదట ఎక్కువ మోతాదులో మొదలుపెట్టి రోజురోజుకీ తగ్గిస్తారు. లివర్ బాగా చెడినవాళ్లకి లోరాజిపాం వాడతారు. ఇదంతా అయ్యేసరికి వారం, పది రోజులు పడుతుంది.

వెళ్లేటప్పుడు ఆధార్, రేషన్ కార్డు, పాత చీటీలు, ఒక తెల్ల కాగితం తీసుకెళ్లండి. ఆ కాగితం మీద రాయాల్సినవి: చివరిసారి ఎన్ని గంటలకు తాగాడు, రోజుకు ఎంత, ఎన్నాళ్లుగా, ఫిట్స్ ఎప్పుడు వచ్చింది, నిద్రమాత్రలు కూడా వేసుకుంటాడా, సుగర్, కామెర్లు, టీబీ ఉన్నాయా. 'మందు' అని రాయకండి, మనకు రెండింటికీ ఒకటే మాట కాబట్టి నర్సు మాత్రలనుకుంటుంది. బ్రాందీ, క్వార్టర్లు అని లెక్కతో రాయండి. ఒక క్వార్టరు 180 మిల్లీలీటర్లు, అందులో ఆల్కహాలు 42.8 శాతం, అంటే దగ్గరదగ్గర 60 గ్రాములు. మూడు క్వార్టర్లంటే 180 గ్రాములు. మోతాదు నిర్ణయించడానికి డాక్టరుకి ఈ లెక్క కావాలి. పరువు కోసం సగం చేసి చెబితే మాత్రలూ తక్కువ పడి, రెండో రాత్రి ఫిట్స్ వస్తుంది. వార్డులో తోడుగా ఇంటి మనిషి ఒకరు ఉండాలంటారు, రెండు షిఫ్టులకి మనుషుల్ని ముందే మాట్లాడుకోండి. సర్కారు వార్డులో మీకయ్యే అసలు ఖర్చు తోడున్నవాళ్ల తిండి, పోయిన కూలి.

డిశ్చార్జి అయ్యేముందే ఐఆర్‌సీఏ బెడ్డు కుదుర్చుకోవాలి. ఇంటికొచ్చి నాలుగు రోజులాగి చూద్దామంటే ఆ నాలుగు రోజుల్లోనే సీసా మళ్లీ చేతికొస్తుంది. వార్డులో చేరిన మొదటి రోజే 14446కి ఫోన్ చేయండి. అది కేంద్రం నడిపే డీఅడిక్షన్ హెల్ప్‌లైన్. మీ జిల్లాకి దగ్గర్లో గ్రాంటుతో నడిచే కేంద్రాలు ఏవో అడగండి. కేంద్రం నడిపే మత్తు వ్యతిరేక కార్యక్రమం నశా ముక్త్ భారత్ వెబ్‌సైట్‌లో కూడా ఇవి మ్యాపు మీద కనబడతాయి. అలా దొరికిన కేంద్రాలకి మీరే ఫోన్ చేసి, ప్రస్తుతం గ్రాంటు నడుస్తోందా, బెడ్డు ఖాళీ ఉందా, లేకపోతే వరసలో ఎన్నో పేరు, డాక్టరు వారంలో ఎన్ని రోజులు వస్తారు, ఏయే టెస్టుల రిపోర్టులు తెమ్మంటారు అని అడగండి. లివర్ టెస్టు, సుగర్, హెచ్‌ఐవీ, హెపటైటిస్, ఛాతీ ఎక్స్‌రే ఎక్కువగా అడుగుతారు. ఇవి పెద్దాసుపత్రిలో ఉండగానే ఉచితంగా చేయించేసుకోండి. వరస ఉందంటే వదిలేయకుండా పేరు రాయించి, రెండు రోజులకోసారి ఫోన్ చేస్తూ ఉండండి. మధ్యలో వెళ్లిపోయేవాళ్లు ఎప్పుడూ ఉంటారు, ఆ సమయానికి ఫోన్ చేసినవాడికి ఆ బెడ్డు దక్కుతుంది.

ఈ కేంద్రాల్లో మామూలుగా నెల రోజులు ఉంచుతారు. పొద్దున యోగా, తర్వాత గ్రూపులో కూర్చోబెట్టి మాట్లాడించడం, విడిగా కౌన్సెలింగ్, వారానికోసారి ఇంటివాళ్లతో. ఖర్చు గ్రాంటులో ఉంటుంది. అయినా కొన్నిచోట్ల డొనేషన్ అనో, మందులు బయట తెచ్చుకోమనో అంటారు. దీనికి కారణం ఎప్పుడూ దురాశే కాదు. గ్రాంటు విడతలవారీగా వస్తుంది. ముందు విడతకి వినియోగ పత్రం, జిల్లా అధికారుల తనిఖీ నివేదిక, రాష్ట్రం సిఫారసు చేరితే గానీ తర్వాతి విడత కదలదు. ఫైలు ఏదో టేబులు మీద ఆగితే వంటమనిషి నుంచి కౌన్సిలరు దాకా నెలల తరబడి జీతాలుండవు. ఆ లోటు పూడ్చుకోవడానికి చేరినవాళ్ల ఇంటివాళ్లని అడుగుతారు. మీరు ఇవ్వగలిగితే ఇవ్వండి, కానీ రసీదు తీసుకుని ఇవ్వండి. ఇవ్వలేకపోతే 'మాది రేషన్ కార్డు కుటుంబం, సెక్షన్ 18 ప్రకారం ఉచితం కదండీ' అని నెమ్మదిగా అనండి.

ఆ సెక్షన్ 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోది. మద్యం, డ్రగ్స్ దుర్వినియోగం వల్ల వచ్చే మానసిక స్థితులు కూడా మానసిక అనారోగ్యమే అని ఆ చట్టం నిర్వచనంలోనే ఉంది. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకి, చేతిలో కార్డు లేకపోయినా సరే, ప్రభుత్వం నడిపే లేదా నిధులిచ్చే సంస్థల్లో చికిత్స ఉచితంగా అందాలి. నిధులిచ్చే అన్న మాట గుర్తుపెట్టుకోండి, ఐఆర్‌సీఏ దాని కిందికే వస్తుంది. చట్టం చెప్పిన కనీస సేవలు జిల్లాలోని ప్రభుత్వ వ్యవస్థలో లేకపోతే జిల్లాలోని వేరే సంస్థలో పొందే హక్కుంది, ఆ ఖర్చు ప్రభుత్వమే భరించాలి. ప్రైవేటు బిల్లు ప్రభుత్వం కట్టే దారి ఏదైనా ఉందంటే ఇదొక్కటే. ఆచరణలో కష్టం. ప్రభుత్వ ఆసుపత్రి 'మా దగ్గర లేదు' అని కాగితం మీద రాసివ్వకపోతే కేసు నిలబడదు, నోటిమాటగా తిప్పి పంపడమే అలవాటు. కాబట్టి తిప్పి పంపినప్పుడు సూపరింటెండెంటు ఆఫీసులో ఇలా ఒక అర్జీ ఇచ్చి, రెండో ప్రతి మీద ఇన్‌వర్డ్ ముద్ర వేయించుకోండి:

'నా తమ్ముడు, వయసు 34, మద్యం వ్యసనంతో బాధపడుతున్నాడు. గతంలో ఫిట్స్ వచ్చింది. ఫలానా తేదీన మీ మానసిక వైద్య విభాగం ఓపీకి తీసుకొచ్చాము, ఓపీ నంబరు ఫలానా. ఇన్‌పేషెంటుగా చేర్చుకోవలసిందిగా కోరుతున్నాము. బెడ్డు గానీ సేవ గానీ అందుబాటులో లేకపోతే ఆ విషయం రాతపూర్వకంగా తెలిపి, ఎక్కడికి వెళ్లాలో రిఫరల్ ఇవ్వగలరు.'

ఈ కాగితం ఇచ్చాక చాలాసార్లు బెడ్డే దొరుకుతుంది. దొరకకపోతే ఆ ముద్ర పడిన ప్రతితో జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి వెళ్లండి, అది కోర్టు ఆవరణలోనే ఉంటుంది. ఈ చట్టం కింద ఉచిత న్యాయసహాయం హక్కుగా వస్తుంది.

ఇక ఆ ప్రైవేటు సెంటరు. ఎంత మంచిదైనా మూడు నెలల డబ్బు ముందే కట్టకండి. రాష్ట్ర మానసిక ఆరోగ్య అథారిటీ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ అందరికీ కనబడేలా పెట్టాలి. అది లేకపోతే గుమ్మం దగ్గరే వెనక్కి తిరగండి. ఫోన్ చేస్తే చాలు, మనుషులొచ్చి రాత్రికి రాత్రి ఎత్తుకెళ్తాం అనేవాళ్ల జోలికి అసలు వెళ్లవద్దు. ఇష్టపడి చేరినవాడు వెళ్తానంటే పంపాల్సిందే, పరీక్ష చేసి నిర్ణయించడానికి 24 గంటలు ఆపవచ్చు, అంతే. ఇష్టం లేకుండా చేర్చాలంటే అదే 2017 చట్టంలో సెక్షన్ 89 ఉంది. దానికి తాగుతున్నాడు అన్న కారణం ఒక్కటే చాలదు. తనకో, ఇతరులకో హాని చేసే పరిస్థితి, లేదా తనను తాను చూసుకోలేని స్థితి ఉండాలి. ఒక సైకియాట్రిస్టు, ఇంకో నిపుణుడు లేదా డాక్టరు విడివిడిగా చూడాలి. 30 రోజులకి మించకూడదు. మగవాళ్లయితే 7 రోజుల్లో, ఆడవాళ్లు, మైనర్లయితే 3 రోజుల్లో ఆ చట్టం కింద ఏర్పడే మానసిక ఆరోగ్య రివ్యూ బోర్డుకి తెలియజేయాలి. గొలుసులతో కట్టడం పూర్తిగా నిషిద్ధం. 'మొదటి నెల ఇంటివాళ్లు చూడకూడదు, ఫోన్ ఇవ్వం' అనే సెంటర్లో లోపల ఏం జరుగుతోందో మీకు తెలిసే దారే ఉండదు.

తెలంగాణవాళ్లు కూడా ఇది చదువుతుంటారు కాబట్టి కల్లు గురించి ఒక్క మాట. కల్తీ కల్లులో కలిపేది ఆల్ప్రాజోలాం, డయజిపాం, క్లోరల్ హైడ్రేట్ లాంటివి. అది మానేస్తే వచ్చే ఇబ్బంది మద్యం మానినట్టు ఉండదు. కొందరికి ఆలస్యంగా మొదలై వారాలపాటు సాగుతుంది, ఫిట్స్, పిచ్చిచేష్టలు ఉంటాయి. 2020 లాక్‌డౌన్‌లో కల్లు దుకాణాలు మూతపడ్డాక ఎర్రగడ్డకి వరసకట్టిన కేసుల్లో ఇవి చాలా ఉన్నాయి. డాక్టరుకి 'కల్లు తాగుతాడు' అని విడిగా చెప్పండి, రోజుకి ఎన్ని సీసాలో చెప్పండి. మాత్రలు తగ్గించే వేగం మారుతుంది, పది రోజుల్లో అయ్యే పని కాదు. తెలంగాణలో ఐఆర్‌సీఏల మీద ఫిర్యాదు ఉంటే వికలాంగులు, వయోవృద్ధుల సంక్షేమ శాఖ జిల్లా అధికారి దగ్గరికి వెళ్లండి. ఆంధ్రలో కలెక్టరేట్ గ్రీవెన్సులో అర్జీ పెట్టండి.

గంజాయి అయితే కేసు భయంతో ఆసుపత్రికి రానివాళ్లున్నారు. వాడకం, లేదా తక్కువ మోతాదు కేసులో ఇరుక్కున్న బానిస తనంతట తాను ప్రభుత్వ లేదా ప్రభుత్వ గుర్తింపున్న సంస్థలో చికిత్సకి వస్తే ఎన్‌డీపీఎస్ (మాదకద్రవ్యాల) చట్టం సెక్షన్ 64ఏ కింద ప్రాసిక్యూషన్ నుంచి మినహాయింపు ఉంది. చికిత్స మధ్యలో వదిలేస్తే ఆ మినహాయింపు రద్దు కావచ్చు. ఆ గుర్తింపు లేని ప్రైవేటు సెంటరు కాగితం కోర్టులో ఇందుకు పనికిరాదు. గ్రాంటు బెడ్డుకున్న విలువల్లో ఇదీ ఒకటి.

ఆడవాళ్లకి ఈ కేంద్రాల్లో చోటు చాలా తక్కువ. వాళ్లకి పెద్దాసుపత్రి వార్డే నమ్మకమైన దారి.

తమ్ముడికి ఈఎస్ఐ ఉంటే ఇంకో మేలు ఉంది. ఈఎస్ఐ డాక్టరు పనికి పోలేడని సర్టిఫికెట్ ఇచ్చిన రోజులకి జీతంలో 70 శాతం, ఏడాదిలో 91 రోజుల దాకా సిక్‌నెస్ బెనిఫిట్ వస్తుంది. అంతకుముందు ఆరు నెలల చందా కాలంలో కనీసం 78 రోజులు చందా కట్టి ఉండాలి. ఆసుపత్రిలో చేరకముందే డిస్పెన్సరీలో కనబడాలి, డిశ్చార్జి అయ్యాక వెళ్తే పాత తేదీలతో సర్టిఫికెట్ రాయించుకోవడం గగనం.

నెల తర్వాత బెడ్డు డబ్బు ఆగిపోతుంది, ఓపీ మాత్రం ఆగదు. కొన్ని ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఏటీఎఫ్ పేరుతో విడిగా డీఅడిక్షన్ క్లినిక్కులు నడుస్తున్నాయి, అక్కడ మందులు ఉచితం. తాగాలన్న కోరిక తగ్గించే మందుల్లో నాల్ట్రెక్సోన్ రోజుకి 50 మిల్లీగ్రాములది ఒకటి వేసుకుంటే సరిపోతుంది, లివర్ టెస్టు చూసి ఇస్తారు. అకాంప్రోసేట్ అయితే 333 మిల్లీగ్రాములవి రెండేసి, పూటకోసారి మూడు పూటలా వేసుకోవాలి, కిడ్నీలు చూసుకోవాలి. రోజుకి ఆరు మాత్రలు మింగడం చాలామంది రెండు వారాల్లో మానేస్తారు కాబట్టి ఏది కుదురుతుందో ముందే మాట్లాడండి. డైసల్ఫిరాం మాత్రం అతనికి చెప్పకుండా కూరలోనో మజ్జిగలోనో కలపవద్దు. అది ఒంట్లో ఉండగా తాగితే బీపీ పడిపోయి ప్రాణం పోవచ్చు. 'తెలియకుండా మాన్పించే పొడి' అని అమ్మేవాటిలో ఏముందో అమ్మేవాడికే తెలియదు.

సెంటరు నుంచి బయటికొచ్చిన వారంలోపే మొదటి ఓపీ పడేలా, డిశ్చార్జి సమ్మరీ మీద తేదీ రాయించుకోండి. సమ్మరీ రెండు జెరాక్సులు తీయించి ఒకటి ఇంట్లో, ఒకటి అతని జేబులో ఉంచండి. ఎప్పుడైనా మళ్లీ జారితే ఆ కాగితం ఉన్నవాడికి వార్డులో మొదటినుంచీ కథ చెప్పుకునే పని ఉండదు, ఏ మాత్ర ఎంత మోతాదులో సరిపోయిందో అందులోనే ఉంటుంది.